మానినట్టే మాని మళ్లీ వచ్చే పుండు: బేసల్ సెల్ కార్సినోమా అని అనుమానం వస్తే ఏం చూడాలి, ఏం అడగాలి, ఏం చేయించుకోవాలి

ముక్కు పక్కన చిన్న బొడిపె. నొప్పి లేదు, దురద కూడా పెద్దగా లేదు. మొహం తుడుచుకుంటే టవల్‌కి ఒక చుక్క రక్తం అంటుకుంటుంది, తర్వాత పక్కు కడుతుంది, కొన్నాళ్లకి ఆ పక్కు రాలిపోయి మానిపోయినట్టే కనిపిస్తుంది, నెల తిరిగేసరికి మళ్లీ అదే చోట అదే కథ. మీకు గానీ ఇంట్లో పెద్దవాళ్లకి గానీ ఇలాంటిది ఉంటే ఈ గైడ్ మీ కోసమే. ఇది చదివి మీకు మీరే రోగం తేల్చేసుకోమని కాదు, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో, వెళ్లాక ఏం అడగాలో తెలియాలని రాస్తున్నాను.

బేసల్ సెల్ కార్సినోమా అంటే చర్మం పై పొరలో అన్నిటికన్నా అడుగున ఉండే వరుస కణాల నుంచి, వెంట్రుకల కుదుళ్ల దగ్గరి కణాల నుంచి పుట్టే క్యాన్సర్. మనుషులకి వచ్చే క్యాన్సర్లన్నిటిలోకీ ఎక్కువగా కనిపించేది ఇదే. తెల్ల చర్మం ఉన్నవాళ్లలో మరీ ఎక్కువ, ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో తక్కువ, కానీ రాకుండా పోదు. క్యాన్సర్ అనగానే గుండె జారిపోతుంది గానీ, ఇది మిగతా శరీరానికి పాకడం చాలా చాలా అరుదు. మరి భయమెందుకు అంటే, ఇది ఉన్నచోటే చుట్టుపక్కల అంతా తినేస్తుంది. చర్మం, దాని కింద కొవ్వు, మృదులాస్థి, వదిలేస్తే ఎముక కూడా. ముక్కు రెక్క మీదో కంటి మూల మీదో ఉంటే అది ఎంత నష్టమో చెప్పక్కర్లేదు.

1827లో డబ్లిన్‌లో ఆర్థర్ జేకబ్ అనే డాక్టర్ కనురెప్పల దగ్గర వచ్చే ఈ పుండు గురించి మొదటగా వివరంగా రాశాడు. విపరీతమైన నెమ్మది, పెద్దగా బాధ లేకపోవడం, దగ్గర్లోని గ్రంథులకి పాకకపోవడం, కోసి తీసేస్తే తప్ప పోకపోవడం, ఇవన్నీ ఆయన అప్పుడే గమనించాడు. దాదాపు 200 ఏళ్లయినా ఆ వర్ణన ఇప్పటికీ సరిపోతుంది. జనం మోసపోయేది కూడా సరిగ్గా ఆ మొదటి రెండు లక్షణాల దగ్గరే: నెమ్మదిగా పెరుగుతుంది, నొప్పి పెట్టదు, కాబట్టి వచ్చే నెల చూపిద్దాంలే అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. కంది గింజంత ఉన్నప్పుడు ఒక పూటలో అయిపోయే పని, రూపాయి బిళ్లంత అయ్యాక ప్లాస్టిక్ సర్జన్ దాకా వెళ్తుంది.

ముందు సరిగ్గా చూడటం ఎలా

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని చూడండి. మేకప్, క్రీములు ఏమీ ఉండకూడదు. మచ్చ పక్కన చర్మాన్ని రెండు వేళ్లతో కాస్త సాగదీయండి, ఫోన్ టార్చ్‌ని నేరుగా కాకుండా పక్క నుంచి వేయండి. ఎక్కువగా కనిపించే రకంలో అంచు కొద్దిగా ఎత్తుగా, నున్నగా, ముత్యంలా మెరుస్తూ ఉంటుంది, దాని మీద సన్నటి ఎర్రటి రక్తనాళాలు కొమ్మలు కొమ్మలుగా పాకుతూ కనిపించవచ్చు, మధ్యలో చిన్న గుంట పడి పక్కు కట్టి ఉండవచ్చు. దీన్ని నాడ్యులర్ రకం అంటారు. బొడిపె, మెరిసే అంచు, మధ్యలో గుంట, మూడూ కలిసి ఉంటే ఇక ఆలోచించకుండా అపాయింట్‌మెంట్ తీసుకోండి.

అన్నీ ఇంత స్పష్టంగా ఉండవు. సూపర్‌ఫిషియల్ అనే రకం వీపు మీద, ఛాతీ మీద ఎర్రటి పలచటి మచ్చలా వస్తుంది, కొద్దిగా పొలుసు రాలుతుంది, అందరూ తామరో ఎగ్జిమానో అనుకుని నెలల తరబడి ఆయింట్‌మెంట్లు రాస్తూనే ఉంటారు. తామర మందుకి తగ్గలేదు, స్టెరాయిడ్ క్రీముకి కాస్త ఎరుపు తగ్గి మళ్లీ మామూలే, పైగా ఒకే ఒక్క మచ్చ, అది కూడా ఏడాదిగా అక్కడే ఉంది అంటే అనుమానించాల్సిందే. ఇంకో రకం ఉంది, దాన్ని మార్ఫియాఫార్మ్ అంటారు, నాకు తెలిసి అన్నిటికన్నా మాయదారి రకం ఇదే. పుండులా ఉండదు, బొడిపెలా ఉండదు, ఎప్పుడో దెబ్బ తగిలి మిగిలిన మచ్చలా తెల్లగా, మైనం పూసినట్టు, గట్టిగా ఉంటుంది, అంచు ఎక్కడుందో తెలియదు. ఆ చోట మీకు ఎప్పుడూ దెబ్బ తగల్లేదు, ఆపరేషన్ జరగలేదు, మరి మచ్చ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ప్రశ్న వేసుకుంటే చాలు.

ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. వెబ్‌లో దొరికే ఫొటోలు చాలావరకు తెల్ల చర్మం మీద తీసినవి, గులాబీ రంగు బొడిపెలే కనిపిస్తాయి. ముదురు చర్మంలో ఎక్కువగా వచ్చేది పిగ్మెంటెడ్ రకం, అంటే నల్లగానో, గోధుమ రంగులోనో, నీలం కలిసిన బూడిద రంగులోనో ఉంటుంది. చూసేవాళ్లంతా పుట్టుమచ్చనో పులిపిరినో అంటారు. పెద్ద వయసులో కొత్తగా వచ్చిన "పుట్టుమచ్చ", అదీ మెరుస్తూ, అప్పుడప్పుడూ రక్తం కారుతూ ఉంటే దాన్ని పుట్టుమచ్చ ఖాతాలో వేయకండి. మెలనోమా అనే ఇంకా ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ కూడా నల్లగానే ఉంటుంది, రెంటినీ కంటితో విడదీయడం మన వల్ల కాదు, అందుకే చూపించడం ఇంకా ముఖ్యం.

ఎక్కడెక్కడ వెతకాలి అంటే, పదింట్లో ఎనిమిది దాకా తల, మెడ భాగాల్లోనే వస్తాయి, అందులోనూ ముక్కు ముందుంటుంది. కంటి లోపలి మూల, కింది రెప్ప, చెవి వెనక మడత, కణత, పై పెదవి, బట్టతల ఉంటే నడినెత్తి, ఇవన్నీ తడిమి చూడండి. రెప్ప మీద ఒకచోట మాత్రమే వెంట్రుకలు రాలిపోయి, అక్కడ చిన్న బొడిపె ఉంటే దాన్ని కంటికురుపు అనుకుని కాపడం పెడుతూ కూర్చోకండి. వీపు, చెవుల వెనక భాగం మీకు మీరు చూసుకోలేరు, ఇంట్లో ఎవరినైనా చూడమనండి, లేదా ఫొటో తీయించుకోండి. ఫొటో తీసేటప్పుడు పక్కన చిన్న స్కేల్ పెట్టండి, తేదీ ఫోన్‌లో ఎలాగూ పడుతుంది.

గడువు ఎంత? నాలుగు వారాలు. నాలుగు వారాల్లో మానని పుండు, లేదా మాని మళ్లీ అదే చోట వచ్చిన పుండు చర్మం డాక్టర్‌కి చూపించాలి. ఫొటోలు తీసుకుంటూ ఆరు నెలలు "గమనించడం" అనేది వాయిదా వేయడానికి మంచి సాకు తప్ప పరీక్ష కాదు.

ఈలోపు చేయకూడనివి

గోకకండి, గిల్లకండి, దారం కట్టకండి. పుండుని కాల్చి రాలిపోయేలా చేస్తామని ఆన్‌లైన్‌లో అమ్మే నల్లటి పేస్టుల జోలికి అసలు వెళ్లకండి. అవి పైన ఉన్న చర్మాన్ని కాల్చేస్తాయి, మంచి చర్మాన్నీ కాలుస్తాయి, కింద క్యాన్సర్ మిగిలిపోయి పైన మచ్చ కడుతుంది, కలుపు మొక్క తల తుంచి వేరు వదిలేసినట్టు. ఆ మచ్చ కింద అది ఎటు పాకుతోందో తర్వాత డాక్టర్‌కి కూడా కనపడదు. బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూసే పరీక్ష, లేకుండా లేజర్‌తో పులిపిరి తీసేసినట్టు తీసేస్తాం అనేవాళ్ల విషయంలోనూ ఇదే మాట. ఏం తీస్తున్నారో తెలియకుండా తీయించుకుంటే, తీసినదాన్ని పరీక్షకి కూడా పంపకపోతే, మీ దగ్గర ఏ ఆధారమూ మిగలదు. తీసిన ప్రతి అనుమానాస్పద ముక్కా ల్యాబ్‌కి వెళ్లాలి, ఈ ఒక్క విషయంలో మొహమాటపడకుండా గట్టిగా అడగండి.

డాక్టర్ దగ్గర

ఎంత కాలంగా ఉంది, రక్తం వస్తుందా, ఏమేం రాశారు, ఇంతకుముందు ఆ చోట ఏదైనా తీయించుకున్నారా, ఇవి ముందే రాసుకుని వెళ్లండి. వీటితో పాటు అడగకపోయినా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి: రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, పేస్‌మేకర్ ఉందా, కిడ్నీ లాంటి అవయవ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వేసుకుంటున్నారా, చిన్నప్పుడు గానీ తర్వాత గానీ ఆ భాగానికి రేడియేషన్ ఇచ్చారా, ఏళ్ల తరబడి ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్న నీళ్లు తాగారా. చివరిది వింతగా అనిపించవచ్చు గానీ ఆర్సెనిక్‌కీ చర్మ క్యాన్సర్‌కీ సంబంధం బాగా రుజువైన విషయం, ఎండ తగలని చోట్ల కూడా మచ్చలు వస్తాయి. రక్తం పలచబడే మందుల్ని మీ అంతట మీరు ఆపకండి. చర్మం మీద చేసే చిన్న పనికి చాలాసార్లు ఆపాల్సిన అవసరమే రాదు, ఆపితే గుండెకో మెదడుకో వచ్చే ముప్పు దీనికన్నా పెద్దది.

డాక్టర్ ముందుగా డెర్మోస్కోప్ అనే చిన్న పరికరంతో చూస్తారు, వెలుగు ఉన్న భూతద్దం లాంటిది. ఆ తర్వాత బయాప్సీ. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీస్తారు, పైపైన చెక్కి తీయవచ్చు లేదా గుండ్రటి బ్లేడుతో లోతుగా తీయవచ్చు. ఇంజెక్షన్ చురుక్కుమంటుంది, తర్వాత ఏమీ తెలియదు. "కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందట" అనే మాట చాలామంది నోట వినిపిస్తుంది, దాని వల్లే ఎంతోమంది బయాప్సీకి ఒప్పుకోరు. బయాప్సీ వల్ల ఇది పాకదు, ఆ టెన్షన్ పక్కన పెట్టండి. పాకేది ఊరికే వదిలేసినందువల్లే.

రిపోర్ట్ చేతికొచ్చాక

చాలామంది రిపోర్ట్‌లో క్యాన్సర్ అన్న పదం దగ్గరే ఆగిపోతారు. అసలు సంగతి దాని తర్వాతి వాక్యంలో ఉంటుంది: ఏ రకం. నాడ్యులర్, సూపర్‌ఫిషియల్ అంటే సాధారణంగా లొంగే రకాలు. మార్ఫియాఫార్మ్, ఇన్‌ఫిల్ట్రేటివ్, మైక్రోనాడ్యులర్, బేసోస్క్వేమస్ అని ఉంటే కంటికి కనిపించేదానికన్నా లోపల ఎక్కువ పాకి ఉండవచ్చని అర్థం. నరాల వెంబడి పాకిందా అన్నది కూడా రాస్తారు, అది ఉంటే విషయం కాస్త పెద్దదే.

రకంతో పాటు చోటు చూడాలి. కళ్ల చుట్టూ, ముక్కు, పెదవులు, చెవులు, కణతలు, ఈ భాగాల్లో ఉంటే ఎంత చిన్నదైనా హై రిస్క్ కిందే లెక్క వేస్తారు, ఎందుకంటే ఇక్కడ తిరిగి రావడం ఎక్కువ, తిరిగొస్తే మళ్లీ కోయడానికి మిగిలే చర్మం తక్కువ. ఒకసారి తీసేశాక మళ్లీ వచ్చినదైనా, రేడియేషన్ ఇచ్చిన చోట వచ్చినదైనా, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో వచ్చినదైనా, ఒంటి మీద 2 సెంటీమీటర్లు దాటినదైనా అదే లెక్క. కాబట్టి డాక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న: "నాది లో రిస్కా, హై రిస్కా, ఎందువల్ల?" ఈ ప్రశ్నకి వచ్చే జవాబు మీదే మిగతా చికిత్స అంతా ఆధారపడి ఉంటుంది. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను, మొదటిసారే పూర్తిగా తీయించుకోండి. రెండోసారి వచ్చేది మొదటిదానికన్నా మొండిది.

చికిత్సలు, ఎవరికి ఏది

మామూలు సర్జరీ అంటే కణితితో పాటు చుట్టూ కొంత మంచి చర్మాన్ని కూడా కలిపి తీసేయడం. అంచులు స్పష్టంగా ఉన్న చిన్న లో రిస్క్ కణితికి సాధారణంగా చుట్టూ 4 మిల్లీమీటర్లు తీస్తారు, అంత తీస్తే దాదాపు 95 శాతం మందిలో అంచులు శుభ్రంగా వస్తాయి. కోసేదాని కొలత ముందే అడగండి, 6 మిల్లీమీటర్ల మచ్చకి పొడుగాటి కుట్ల గీత చూసి చాలామంది అదిరిపడతారు. చుట్టూ కలిపి తీసిన అంచు, ముడత పడకుండా రెండు కొసల్నీ కోసుగా మలచడం వల్ల గీత మచ్చకన్నా చాలా పొడుగే వస్తుంది, అది పొరపాటేమీ కాదు.

మోస్ సర్జరీ గురించి తప్పకుండా తెలుసుకోండి. అమెరికాలో ఫ్రెడరిక్ మోస్ 1930లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పలచటి పొర తీస్తారు, దాని అంచులకి రంగులు వేసి, ఏ మూల ఎటు అని బొమ్మ గీసుకుని, అక్కడే గడ్డకట్టించి మైక్రోస్కోప్ కింద అంచు మొత్తం చూస్తారు. ఎక్కడ కణాలు మిగిలాయో సరిగ్గా అక్కడ మాత్రమే ఇంకో పొర తీస్తారు, శుభ్రంగా వచ్చేదాకా ఇదే పని. మీరు కట్టు కట్టించుకుని బయట కూర్చుంటారు, మళ్లీ పిలుస్తారు, ఒక్కోసారి రోజంతా పడుతుంది, కాబట్టి తోడు ఒకరిని, ఫోన్ ఛార్జర్‌ని వెంట తీసుకెళ్లండి. మామూలు పద్ధతిలో తీసిన ముక్కని అక్కడక్కడా నిలువుగా కోసి చూస్తారు, అంచులో చాలా కొద్ది భాగమే కంటపడుతుంది. ముఖం మీది కణితుల మీద నెదర్లాండ్స్‌లో చేసిన పోలికలో, మొదటిసారి వచ్చినవాటిలో పదేళ్లకి తిరిగి వచ్చినవి మోస్‌తో 4.4 శాతం, మామూలు సర్జరీతో 12.2 శాతం. ముక్కు, కంటి మూల, చెవి, మార్ఫియాఫార్మ్ రకం, తిరిగొచ్చిన కణితి, వీటికి మోస్ దొరికితే అదే నా ఓటు. వీపు మీది చిన్న మచ్చకి మాత్రం దీని కోసం పరుగులు పెట్టక్కర్లేదు.

మోస్ అందుబాటులో లేకపోతే? అప్పుడు ఈ ప్రశ్న అడగండి: "అంచులు క్లియర్ అని రిపోర్ట్ వచ్చాకే పుండు మూస్తారా?" పక్క నుంచి చర్మం జరిపి కప్పే పని, అంటే ఫ్లాప్, చేసేశాక అంచులో క్యాన్సర్ మిగిలిందని తెలిస్తే, అది ఎక్కడుందో వెతకడం పెద్ద తలనొప్పి, ఎందుకంటే ఫ్లాప్ కోసం చర్మమంతా అటూ ఇటూ జరిపేసి ఉంటారు. కొన్ని రోజులు కట్టుతో ఆగి, రిపోర్ట్ చూసుకుని ఆ తర్వాత మూయించుకోవడం చిరాకైన పనే గానీ హై రిస్క్ చోట అదే తెలివైన పని. అప్పటికే అంచులో మిగిలిందని రిపోర్ట్ వస్తే, అలా మిగిలినవన్నీ తిరిగి పెరగవు గానీ, ముఖం మీద అయితే చూద్దాంలే అనుకోకుండా మళ్లీ తీయించుకోవడమే మంచిది.

గోకి కాల్చే పద్ధతి ఒకటి ఉంది, క్యూరెట్ అనే చెంచా లాంటి పరికరంతో గీకి, కరెంటుతో కాలుస్తారు. ఒళ్లు, చేతుల మీద ఉన్న చిన్న లో రిస్క్ వాటికి బాగానే పనిచేస్తుంది, త్వరగా అయిపోతుంది, తెల్లటి గుండ్రటి మచ్చ మిగులుతుంది. తల, గడ్డం లాంటి వెంట్రుకలు దట్టంగా ఉన్నచోట పనికిరాదు, కుదుళ్ల వెంట లోపలికి దిగినదాన్ని గీకడం కుదరదు.

క్రీములు సూపర్‌ఫిషియల్ రకానికి మాత్రమే అని గుర్తుపెట్టుకోండి. ఇమిక్విమాడ్ 5 శాతం క్రీము వారానికి 5 రోజులు, 6 వారాలు రాస్తారు. రాసిన చోట ఎర్రబడుతుంది, రసి కారుతుంది, పక్కులు కడతాయి, కొందరికి జ్వరం వచ్చినట్టు ఒళ్లు నొప్పులు కూడా. చూడటానికి భయంగా ఉంటుంది గానీ మందు పనిచేసే తీరే అది, మరీ ఎక్కువైతే డాక్టర్‌కి ఫోన్ చేసి రెండు మూడు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టవచ్చు, సొంతంగా మానేయకండి. 5-ఫ్లోరోయురాసిల్ క్రీము ఇంకొకటి. క్రీము రాసి కొన్ని గంటలు ఉంచి ఎర్రటి లైటు వేసే ఫొటోడైనమిక్ థెరపీ మరొకటి, మచ్చ తక్కువ పడుతుంది గానీ లైటు వేసేటప్పుడు మంట బాగా ఉంటుంది. ఈ మూడింటినీ పోల్చి నెదర్లాండ్స్‌లో చేసిన ట్రయల్‌లో అయిదేళ్ల తర్వాత కణితి లేకుండా ఉన్నవాళ్లు ఇమిక్విమాడ్‌తో దాదాపు 80 శాతం, ఫ్లోరోయురాసిల్‌తో 70, ఫొటోడైనమిక్‌తో దాదాపు 63. అంటే సర్జరీ అంత గట్టివి కావు, కుట్లు వద్దనుకుంటే ఒప్పుకోవాల్సిన బేరం ఇది. లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం కూడా చిన్నవాటికి చేస్తారు, ముదురు చర్మం మీద తెల్ల మచ్చ ఉండిపోతుందని మాత్రం ముందే తెలుసుకోండి.

సర్జరీ తట్టుకోలేని పెద్దవాళ్లకి రేడియేషన్ మంచి దారి. చాలా సిట్టింగ్‌లు పడుతుంది, మచ్చ ఏళ్లు గడిచేకొద్దీ పలచబడి రంగు మారుతుంది, అందుకే వయసులో ఉన్నవాళ్లకి సాధారణంగా వద్దంటారు. గోర్లిన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి రేడియేషన్ ఇవ్వకూడదు, ఇచ్చిన చోటే కొత్తవి పుట్టుకొస్తాయి. ఈ సిండ్రోమ్ అంటే పుట్టుకతోనే ప్యాచ్డ్ అనే జన్యువు పాడై ఉండటం. చిన్న వయసులోనే, ఒకటి కాదు పదులకొద్దీ ఇవి వస్తుంటే, దవడ ఎముకలో తిత్తులు ఉంటే, అరచేతుల్లో సన్నటి గుంటలు ఉంటే జన్యు పరీక్ష గురించి అడగాలి. మామూలుగా ఎండ వల్ల వచ్చే వాటిలో కూడా చాలావరకు పాడయ్యేది ఇదే జన్యువు, కాకపోతే ఆ ఒక్క చోటి కణాల్లో మాత్రమే.

ఆ జన్యువు అదుపు చేసే హెడ్జ్‌హాగ్ అనే సిగ్నల్‌ని ఆపే మాత్రలు కూడా ఇప్పుడు ఉన్నాయి. విస్మోడెగిబ్‌కి అమెరికాలో 2012లో, సోనిడెగిబ్‌కి 2015లో అనుమతి వచ్చింది. కోయడానికి వీల్లేనంత పాకినవాటికి, శరీరంలో వేరే చోటికి పాకడం మొదలైన అరుదైన కేసులకి ఇవి. కండరాలు పట్టేయడం, నాలుకకి రుచి తెలియకపోవడం, జుట్టు ఊడటం, ఇవి చాలామందిలో వస్తాయి, అందుకే మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టే పద్ధతిలో కూడా వాడతారు. గర్భంలో ఉన్న బిడ్డకి ఘోరమైన హాని చేస్తాయి, ఈ విషయంలో మగవాళ్లకి కూడా జాగ్రత్తలు చెప్తారు, రక్తదానం కూడా చేయకూడదు. వీటికి లొంగకపోతే సెమిప్లిమాబ్ అనే ఇమ్యూనోథెరపీ (మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే) ఇంజెక్షన్ ఉంది, దానికి 2021లో అనుమతి వచ్చింది.

ఇక ఎవరూ పెద్దగా మాట్లాడని మాట ఒకటి. తొంభై ఏళ్లు దాటి, మంచం పట్టి, వేరే పెద్ద జబ్బులున్న మనిషికి వీపు మీద చిన్న సూపర్‌ఫిషియల్ మచ్చ ఉందనుకోండి, దాన్ని అలాగే వదిలేసి చూస్తూ ఉండటం కూడా సరైన నిర్ణయమే కావచ్చు. అది డాక్టర్‌తో కూర్చుని, ఆ మనిషిని కూడా అడిగి తీసుకోవాల్సిన నిర్ణయం. కంటి దగ్గర ఉంటే, రక్తం కారుతూ ఉంటే మాత్రం లెక్క మారుతుంది.

ఆపరేషన్ తర్వాత

మొదటి రెండు రోజులు వంగి బరువులెత్తకండి, నుదురు, ముక్కు దగ్గర చేస్తే తల కాస్త ఎత్తులో పెట్టుకుని పడుకోండి. కళ్ల చుట్టూ నల్లబడి వాచిపోతే కంగారు పడకండి, కింద బుగ్గల దాకా దిగి వారంలో తగ్గుతుంది. కట్టు తడిసేంత రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో 20 నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి, మధ్యమధ్యలో ఎత్తి చూడకండి, చూస్తే మొదటికొస్తుంది. అలా నొక్కినా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. పుండు మీద పౌడర్లు చల్లి ఎండబెట్టడం పాత అలవాటు, మానేయండి. సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, వాజెలిన్ పలచగా రాసి కప్పి ఉంచితే త్వరగా మానుతుంది, మచ్చ కూడా తక్కువ. ముఖం మీద కుట్లు సాధారణంగా వారంలోపు తీస్తారు, ఒంటి మీద రెండు వారాల దాకా ఉంచుతారు. సిగరెట్ తాగేవాళ్లకి ఫ్లాప్ చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ, కనీసం ఆ కొన్ని వారాలైనా ఆపండి. గీత ఎర్రగా, గట్టిగా ఉండటం కొన్ని నెలలు మామూలే. రోజు రోజుకీ నొప్పి పెరగడం, చీము, జ్వరం, ఇవి మాత్రం మామూలు కాదు.

మళ్లీ రాకుండా

ఒకసారి వచ్చినవాళ్లకి వేరే చోట కొత్తది వచ్చే అవకాశం చాలా ఎక్కువ. మొదటి కొన్నేళ్లలోనే ఇంచుమించు సగం మందికి ఇంకోటి వస్తుంది. కాబట్టి 6 నుంచి 12 నెలలకొకసారి తల నుంచి కాలి దాకా చర్మం మొత్తం చూపించుకోవాలి, పాత మచ్చని మాత్రమే చూపించి వచ్చేయకూడదు. ఇంట్లో నెలకోసారి పాత గీత మీద వేలితో రాస్తూ చూడండి. కొత్తగా బొడిపె తగిలినా, గీతలో ఒకచోట పక్కు కడుతున్నా వెంటనే వెళ్లండి. తిరిగి వచ్చేవి చాలావరకు మొదటి అయిదేళ్లలో వస్తాయి గానీ, అయిదేళ్లు దాటింది కాబట్టి ఇక చూసుకోనక్కర్లేదు అనుకోవద్దు.

ఎండ గురించి ఒక నిజం చెప్పాలి. సన్‌స్క్రీన్ రాస్తే చాలు అని చెప్పేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్లో 1992 నుంచి కొన్నేళ్లు చేసిన ట్రయల్‌లో రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లకి స్క్వేమస్ సెల్ అనే ఇంకో రకం చర్మ క్యాన్సర్లు తగ్గాయి, బేసల్ సెల్ మాత్రం ఆ కాలంలో స్పష్టంగా తగ్గలేదు. దీనికి చిన్నప్పటి ఎండ, అప్పుడప్పుడూ ఒళ్లు కమిలేంత తగిలిన ఎండ కూడా కారణం, అది ఎప్పుడో పడిపోయిన బాకీ. అలాగని సన్‌స్క్రీన్ మానేయమని కాదు. దానికన్నా ముందు నీడ, వెడల్పు అంచు టోపీ, పొడుగు చేతుల చొక్కా, యూవీ ఇండెక్స్ (ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పే అంకె) 3 దాటిన వేళల్లో బయటి పనులు తగ్గించుకోవడం, ఆ తర్వాతే సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, ముఖానికీ మెడకీ కలిపి ఒక టీస్పూను, రెండు గంటలకోసారి మళ్లీ. బఠానీ గింజంత తీసుకుని ముఖమంతా పులిమితే డబ్బా మీద రాసిన రక్షణ రాదు. చెవులు, మెడ వెనక అందరూ మర్చిపోతారు. చర్మం రంగు ముదరడానికి వాడే టానింగ్ బెడ్‌లని 2009లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టారు, వాటి జోలికి వద్దు. విటమిన్ డి సంగతి రక్త పరీక్ష చేయించుకుని మాత్రలతో చూసుకోవచ్చు.

నికోటినమైడ్ (విటమిన్ బి3లో ఒక రకం) మాత్రల గురించి కూడా అడుగుతుంటారు. ఆస్ట్రేలియాలో 2015లో వచ్చిన ట్రయల్‌లో, అంతకుముందు ఇలాంటి క్యాన్సర్లు కనీసం రెండు వచ్చినవాళ్లు రోజుకి రెండుసార్లు 500 మిల్లీగ్రాములు వేసుకుంటే, మెలనోమా కాని కొత్త చర్మ క్యాన్సర్లు 23 శాతం తగ్గాయి, మాత్ర ఆపేయగానే ఆ లాభమూ పోయింది. బేసల్ సెల్ ఒక్కదాన్నే విడిగా చూస్తే ఆ తేడా అంత గట్టిగా నిలబడలేదు. మొదటిసారి ఒక్కటి వచ్చినవాళ్లు పరుగెత్తి కొనేయక్కర్లేదు, పదే పదే వచ్చేవాళ్లు మాత్రం డాక్టర్‌తో మాట్లాడొచ్చు. కొనేటప్పుడు నియాసిన్ అనే పేరున్నది తీసుకోకండి, అది వేరు, ముఖమంతా ఎర్రబడి మంట పుడుతుంది.

చివరిగా ఒక గుమాస్తా పని. బయాప్సీ రిపోర్ట్, సర్జరీ తర్వాత వచ్చిన అంచుల రిపోర్ట్, ఆపరేషన్‌కి ముందు తీసిన ఫొటో, ఈ మూడూ ఒకచోట స్కాన్ చేసి పెట్టండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి. ల్యాబ్‌లో మీ ముక్కని మైనం దిమ్మలో దాచి ఉంచుతారు, దాని నంబర్ రిపోర్ట్ మీదే ఉంటుంది. ఎనిమిదేళ్ల తర్వాత వేరే డాక్టర్ దగ్గర అదే చోట కొత్త బొడిపె చూపిస్తే, పాతది ఏ రకం, ఎంత అంచుతో తీశారు అనే వాళ్లు మొదట అడిగేది.